బతికున్నవాడికి శోకం

కొల్లాపూర్ నుంచి కృష్ణ ఒడ్డు దాకా ఉన్న ఊళ్లలో ఎవరు పోయినా ఒకప్పుడు మొదటి కబురు బంధువులకు వెళ్లేది, రెండో కబురు జానమ్మకు. ఆమె గొర్రెలు కాచుకొని బతికే మనిషి. అక్షరం రాదు. అయినా శోకం పెట్టడంలో ఆమెకు సాటి వచ్చేవాళ్లు లేరని ఆ ప్రాంతమంతా ఒప్పుకుంది.

ఊరికే ఏడ్చినంత మాత్రాన శోకం పెట్టినట్టు కాదు. పోయినవాళ్ల పక్కన కూర్చొని, వాళ్ల బతుకును మొదటి నుంచి చివరి దాకా రాగం తీసి చెప్పాలి. ఏ కరువులో ఏం తిన్నారు, ఎవరిని ఎత్తుకున్నారు, ఎవరిని కొట్టారు, ఏ కోరిక తీరకుండా కన్ను మూశారు, అన్నీ చెప్పాలి. దీనికి రెండు కట్టుబాట్లున్నాయి. శోకం పెట్టే ఆడమనిషిని ఎవరూ ఆపకూడదు, చెయ్యి పట్టి లేపకూడదు. ఎత్తిన శోకాన్ని ఆమె కూడా నడుమ దించకూడదు. మూడో కట్టుబాటును జానమ్మ తనకు తానే విధించుకుంది: శోకంలో అబద్ధం చెప్పకూడదు.

ఒకసారి రామచంద్రం అనే పెద్ద రైతు పోయినప్పుడు ఆమెను పిలిపించారు. ఊరికి మంచినీళ్ల బావి తవ్వించినవాడని అందరూ కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. జానమ్మ ఆయన మంచిని చాలాసేపు పాడింది. ఆ తర్వాత అదే రాగంలో, గొంతు పెంచకుండా, "బాయి తవ్విస్తివి దొరా, మా చేతికి తాడియ్యకపోతివి" అంది. బావి గట్టు ఎక్కనివ్వని వాడల్లోని జనం వాకిలి అవతల నిలబడి ఉన్నారు. వాళ్ల ఏడుపు అప్పుడు మొదలైంది. కొడుకులు పళ్లు కొరుక్కున్నారే గాని ఆపలేకపోయారు. తర్వాత ఎవరో, "ఎందుకట్ల అన్నవే? సచ్చినోని గురించి మంచే చెప్పాలె" అని మందలిస్తే జానమ్మ విస్తుపోయింది. "సచ్చినోడు ఇనడు గదా. ఇననోనికి అబద్ధం జెప్పి ఏం లాభం?"

ఇప్పుడు ఆమెను ఎవరూ పిలవరు. శవాన్ని అద్దాల పెట్టెలో ఉంచుతారు. దాని పక్కన స్పీకరు పెట్టి రికార్డు చేసిన భక్తి పాటలు వేస్తారు. వచ్చినవాళ్లు పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, దండ వేసి, ఫొటో తీసుకొని, అన్నం తిని వెళ్లిపోతారు. దీనికి మనం పద్ధతి అని పేరు పెట్టుకున్నాం. గొంతెత్తి ఏడవడం అనాగరికమని తీర్మానించిన నాడే గొంతెత్తి నవ్వడం, గొంతెత్తి అడగడం కూడా అనాగరికాలయ్యాయని గుర్తించలేదు. ఏడవడానికి సిగ్గుపడేవాడు ఎదిరించడానికి సిగ్గుపడకుండా ఉంటాడా? మనిషిని మనిషిగా నిలబెట్టే మంటలన్నీ ఒకే పొయ్యిలోవి. ఒక కట్టెను బయటికి లాగితే మిగిలినవీ పొగచూరి చల్లారిపోతాయి.

జానమ్మ తల్లి గొర్రెల వెంట వలస పోయినచోట, చెట్టు కింద, జ్వరంతో చనిపోయింది. అప్పటికి తమ్ముడు గుర్వయ్యకు పాలు మరువలేదు. జానమ్మ ఇంకా లంగా వేసుకునే పిల్ల. తమ్ముణ్ణి గొంగడిలో చుట్టి వీపున కట్టుకొని మంద వెంట నడిచింది. ఈనిన గొర్రె కనబడితే కాళ్లు పట్టి ఆపి, వాడి నోటిని పొదుగుకు అందించేది. ఆ వీపు మీది పసివాడే తర్వాత కొత్తకోట దగ్గర పేరున్న మందకు యజమాని అయ్యాడు. జానమ్మ కొల్లాపూర్ వైపు కోడలిగా వెళ్లింది. భర్త పిడుగు పడి పోతే, ఆడది మంద వెంట పోవడమేమిటని కులపెద్దలు అభ్యంతరం చెప్పారు. "గొర్రెలకు తెల్వదు గదా నేను ఆడదాన్నని" అని చెప్పి ఆమె మరునాడు తెల్లవారే కట్టె పట్టుకొని బయలుదేరింది. పిల్లలు కలగలేదు. లోకంలో తనదని చెప్పుకోవడానికి ఆమెకు మిగిలింది ఒక్క గుర్వయ్యే.

ఆ గుర్వయ్య ఎలాంటివాడో చెప్పాలి. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్లన్నీ రోడ్డెక్కిన రోజుల్లో, కొత్తకోట దగ్గర పెద్ద రోడ్డును ఆపడానికి యువకులు టైర్లు తెచ్చారు, నాయకులు మైకులు తెచ్చారు. గుర్వయ్య తన మందను తెచ్చాడు. నల్ల గొర్రెలన్నింటినీ నడిరోడ్డు మీద పండబెట్టి, వాటి నడుమ గొంగడి కప్పుకొని కూర్చున్నాడు. పోలీసులు లాఠీలతో అదిలిస్తే గొర్రెలు లేచి, నాలుగడుగులు వేసి, మళ్లీ అక్కడే పండుకున్నాయి. "సారూ, ఇవ్వి నా మాటనే ఇంటయి, సర్కారు మాట ఇనయి" అన్నాడట గుర్వయ్య. వీపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఆ వాతలను ఆయన చాలా రోజులు చొక్కా విప్పి చూపించాడు. రాష్ట్రం వచ్చిన నాడు పొట్టేళ్ల కొమ్ములకు గులాల్ పూసి ఊరేగించాడు.

తర్వాత అందరికీ జరిగినదే ఆయనకూ జరిగింది. గెలిచామనుకున్నాం, ఇక కూర్చోవచ్చనుకున్నాం. ఏ రోడ్డు మీద ఆయన మంద పడుకుందో ఆ రోడ్డు పక్కనే ఆయన భూమి ఉంది. ప్లాట్లు చేసే వెంచర్ వాళ్లు వచ్చారు. కొడుకు లింగస్వామి బేరం మాట్లాడాడు. భూమి పోయింది, అదే వెంచర్‌లో స్లాబు ఇల్లు వచ్చింది. గేటు ఉన్న కాలనీలో గొర్రెల వాసన బాగుండదని కాలనీవాళ్లు చెప్పకముందే లింగస్వామికి అనిపించింది. మంద కూడా పోయింది. ఇదంతా గుర్వయ్య చేత ఎవరూ బలవంతంగా చేయించలేదు. ఆయన కాదనలేదు, అవుననలేదు. సోఫాలో కూర్చున్నాడు.

అలా ఏళ్లు గడిచాయి. సోఫాలో ఆయన కూర్చున్న చోట గుంత పడింది. పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం మాత్రలు, నడుమ టీవీ. దవాఖానలో పరీక్షలన్నీ చేసి రోగమేమీ లేదన్నారు. నలుగురిలో ఏ మాట వచ్చినా తల ఊపేవాడు. ఎవరి మీదా కోపం లేదు, దేని మీదా ఆశ లేదు. "మా ఆయన ఇప్పుడు శాంతంగున్నడు" అని భార్య మల్లీశ్వరి మురిసింది. "బాపుకు ఏం ఫికర్ లేదు" అని కొడుకు చెప్పుకున్నాడు. ఒకప్పుడు తాత నేయించిన గొంగడి ఇంట్లో ఎక్కడుందో ఆయన అడగలేదు. బట్టలుతికే మిషను తిరిగేటప్పుడు అదరకుండా, మడతలు పెట్టి దాని కిందికి తోశారు.

మన తాత్త్వికులు మనిషిలో మూడు గుణాలను గుర్తించారు. వాటిలో తమస్సును గురించి వారు చేసిన హెచ్చరికను మనం ఎంతో వీలుగా మరిచిపోయాం. అది తన సొంత ముఖంతో రాదు, శాంతి ముఖం తొడుక్కొని వస్తుంది. లోతైన నీళ్లూ కదలవు, మురిగిన నీళ్లూ కదలవు. గట్టు మీద నిలబడి చూసేవాడికి రెండూ ఒకటే. కోరికలను కాల్చుకున్నవాడు విరాగి. కోరికలు తమంతట తామే కుళ్లిపోయినవాణ్ణి కూడా విరాగి అని పిలిచే కాలం మనది. గుర్వయ్య ఒక్కడేనా? ఆ కాలనీలో సాయంత్రం పూట వరసగా ఇళ్ల ముందు కుర్చీలు వేసుకొని కూర్చొనే మగవాళ్లను చూస్తే, వాళ్లలో ఎవరు దేనికోసం రేపు లేస్తారో చెప్పడం కష్టం.

వెంచర్ రెండో విడత ప్రారంభించిన రోజు, భూములిచ్చిన రైతులను పిలిచి సన్మానించారు. గుర్వయ్యను వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. భుజాల చుట్టూ శాలువా కప్పారు, మెడలో చామంతుల దండ వేశారు. ఉపన్యాసం సాగుతుండగా ఆయనకు నిద్ర పట్టింది. తల కొంచెం పక్కకు వాలింది. లింగస్వామి ఆ క్షణంలోనే ఫొటో తీశాడు. బాపుకు జరిగిన గౌరవం లోకానికి తెలియాలని దాన్ని ఫోన్ స్టేటస్‌లో పెట్టాడు.

కొల్లాపూర్ దగ్గరి ఊళ్లో జానమ్మ పక్కింటి కోడలు మంజులతకు లింగస్వామి వరసకు అన్న అవుతాడు. ఆమె ఫోన్ తెరిచి, "పెద్దమ్మా, మీ తమ్ముని ఫొటో పెట్టిండ్రు, సూడు" అని జానమ్మ చేతికిచ్చింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి పరుగెత్తింది.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. వాళ్ల కులంలో పోయినవాళ్లను పండుకోబెట్టరు. మల్లన్నను కొలిచే ఇళ్లు గనుక కూర్చోబెట్టే సాగనంపుతారు. గోడకో కుర్చీకో ఆనించి, భుజాల నిండా కొత్త వస్త్రం కప్పి, మెడలో దండ వేసి, కళ్లు మూస్తారు. జానమ్మ తన తాతను అట్లాగే చూసింది, తండ్రిని అట్లాగే చూసింది, భర్తను అట్లాగే చూసింది. ఇప్పుడు తమ్ముణ్ణి చూసింది.

మంజులత పాలు దించి బయటికి వచ్చేసరికి అరుగు మీద ఫోన్ ఒక్కటే ఉంది.

చావు కబురు విన్న ఆడబిడ్డ మళ్లీ అడగదు. నిజమేనా అనదు, ఎప్పుడనదు, మంచినీళ్లు తాగదు. జానమ్మ మందను పక్క దొడ్డిలో అప్పజెప్పి వనపర్తి బస్సెక్కింది, అక్కడ దిగి కొత్తకోట బస్సెక్కింది. దారి పొడుగునా నోరు తెరవలేదు. కాలనీ గేటు దగ్గర దిగాక, కొప్పు విప్పి, రొమ్ము మీద చెయ్యి వేసుకొని ఎత్తుకుంది.

"ఓ నా తమ్ముడా... నా తోడవుట్టినోడా...
అమ్మ లేని పసిగుడ్డువని గొంగట్ల సుట్టి మోస్తి గదరా...
గొర్రె పొదుగుకు నీ నోరు అందిచ్చి సాదితి గదరా...
అక్కకు జెప్పకుంట ఎట్ల వోతివిరా తమ్ముడా..."

గేటు దగ్గరి వాచ్‌మన్ ఆపబోయి, ఆమె ముఖం చూసి పక్కకు జరిగాడు. ఇళ్లలోంచి జనం బయటికి వచ్చారు. ఎవరింట్లో చావో తెలియక ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. జానమ్మ ఎవరినీ చూడకుండా తమ్ముడి ఇంటి మెట్లెక్కి, తలుపు తోసుకొని, గుండెలు బాదుకుంటూ లోపలికి వెళ్లింది.

సోఫాలో గుర్వయ్య ఉప్మా తింటున్నాడు. టీవీలో ఏదో సీరియల్ నడుస్తోంది.

చెంచా నోటి దగ్గర ఆగింది. "అక్కా! ఎవరు సచ్చిన్రే?"

జానమ్మ గడప మీదే నిలబడి అతణ్ణి, అతని ఒళ్లోని ప్లేటును చూసింది.

"నువ్వే" అంది.

వెనక చేరిన జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మల్లీశ్వరి వంటింట్లోంచి గరిటె పట్టుకొని ఉరికి వచ్చింది. "ఒదినా! నీ నోట్ల మన్ను వడ! బతికున్న మొగనికి శోకాలా? నా బొట్టు మీద నీళ్లు గుమ్మరిస్తున్నవా?"

"బతికున్నడని నువ్వెప్పుడు జూశినవ్ మల్లీశ్వరీ?"

"ఇగో, నీ కండ్లకు కనవడ్తలేదా? తింటున్నడు గదా!"

"తింటె బతికున్నట్టేనా? గా మిషను గూడ బట్టలు తింటది."

మాట ముగిస్తూ ఆమె చూపు మూలనున్న బట్టల మిషను మీద పడింది, దాని కింది నుంచి ఒక చివర బయటికి వచ్చిన నల్ల ఉన్ని మీద ఆగింది. జానమ్మ ముఖం అంతవరకు ఒక రకంగా ఉంది, అక్కణ్ణుంచి మరో రకంగా మారింది. అంతవరకూ ఉన్నది పొరపాటు. ఆమె ఫొటో చూసి మోసపోయింది, తమ్ముడు బతికే ఉన్నాడు, నవ్వుకొని, కళ్లు తుడుచుకొని, నీళ్లు తాగి కూర్చోవచ్చు. ఎవరైనా అదే చేసేవారు. ఆమె తమ్ముడి దగ్గరికి వెళ్లి, వంగి, అతని కాలు పట్టుకొని పైకి ఎత్తింది. అరికాలును బొటనవేలితో ఒత్తి చూసింది. ముళ్లు దిగని మోటు చర్మంతో ఎండల్లో వానల్లో తిరిగిన ఆ కాలు ఇప్పుడు పసిపిల్లవాడి బుగ్గలా మెత్తగా ఉంది. కాలును నెమ్మదిగా కింద పెట్టి, అతనికి ఎదురుగా నేల మీద చతికిలబడింది.

"ఎత్తిన శోకం నడుమల దించ" అంది. మళ్లీ ఎత్తుకుంది.

"మంద ముందట పొట్టేలు తీరు నడిస్తివి తమ్ముడా...
గుంత వడ్డ సోఫల కూలవడి సస్తివి తమ్ముడా...
తోడేలు మీదికొస్తె కట్టె గిరగిర దిప్పిన చెయ్యి...
రిమోటు ఒత్తి ఒత్తి సల్లవడె గదరా తమ్ముడా..."

లింగస్వామి అప్పుడే బయటి నుంచి వచ్చాడు. ఫోన్లు ఎత్తి పట్టుకున్న జనాన్ని తోసుకొని లోపలికి వచ్చాడు. "అత్తా! ఇజ్జత్ తీస్తున్నవ్. జర ఆపు. వీడియోలు తీస్తున్రు."

"తియ్యనియ్యి అల్లుడా. మీ బాపు సచ్చిన ఫొటో నువ్వు తీస్తివి. నా ఏడుపు వాళ్లు తియ్యనియ్యి."

"గది సావు ఫొటో గాదత్తా, సన్మానం!"

"శాలువ కప్పిన్రు, దండేసిన్రు, కుర్సీల కూసోవెట్టిన్రు. కండ్లు మూసిండు. ఇంకేం గావాలెరా సావుకు?"

కాలనీ సంఘం అధ్యక్షుడు, రిటైరైన టీచరు యాదగిరి సారు గడప దాకా వచ్చి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఇది సంస్కారమేనా? కాలనీ అన్నంక ఒక పద్ధతుంటది. నలుగురు ప్రశాంతంగ ఉండే జాగా."

జానమ్మ తల తిప్పకుండానే జవాబిచ్చింది. "సారూ, నీకు గూడ పెట్టాల్నా ఏంది? జర ఆగు, ముందు వీనిదైపోనీ."

ఈసారి జనం గట్టిగా నవ్వారు. యాదగిరి సారు మళ్లీ కనబడలేదు. జానమ్మను పట్టుకొని లేపడానికి లింగస్వామి ఒక అడుగు వేశాడు. మల్లీశ్వరి అంత కోపంలోనూ కొడుకు చెయ్యి పట్టి ఆపింది. శోకం పెట్టే మనిషిని తాకకూడదన్న కట్టుబాటు ఆమెకు ఇంకా గుర్తుంది. జానమ్మ ముగించేదాకా ఎవరూ కదలలేదు.

"నడిరోడ్డు మీద మందను పండవెట్టి లాఠీకి ఈపు ఇస్తివి తమ్ముడా...
గా రోడ్డు పక్కన జాగ అమ్మి శాలువ కప్పుకుంటివి తమ్ముడా...
తాత నేయించిన గొంగడి మిషను కిందేస్తిరి నాయినా...
ఎండ తెల్వదు నీకు, వాన తెల్వదు, ఆకలి తెల్వదు, కోపం తెల్వదు...
కోపం తెల్వనోన్ని బతికిండంటె నేనెట్ల నమ్మాలె తమ్ముడా..."

చివరి మాట దగ్గర గొంతు తెగింది. అది విద్య కాదు, నిజంగానే తెగింది. అప్పుడు గుర్వయ్య లేచాడు. ఒళ్లోని ప్లేటు కింద పడి ఉప్మా నేలంతా చిందింది. ముఖం ఎర్రబడింది.

"నేను సావలే!" అని అరిచాడు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో వినబడని గొంతు. "సావలే నేను! నలుగుర్ల నా పరువు దీస్తివి. పో! పో ఈడికెల్లి! ఇగ నీకు పుట్టిల్లు లేదు, తమ్ముడు లేడు!"

"తమ్ముడు లేడనే గదరా ఏడుస్తున్న" అంది జానమ్మ. లేచి, బయటికి నడిచి, వాకిట్లో నల్లా తిప్పి, కట్టుకున్న చీరతోనే తల మీద నీళ్లు పోసుకుంది. చావింటి నుంచి పోయేవాళ్లు చేసే స్నానమది. చూస్తున్న ఆడవాళ్లలో నవ్వు ఆగిపోయింది. తడిసిన కొప్పు ముడేసుకుంటూ మల్లీశ్వరితో, "దినం నాడొస్త" అని చెప్పి గేటు వైపు వెళ్లింది.

బస్సులో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు, చీర నీళ్లు కారుతోందని. ఊరు చేరాక మంజులత ఎదురొచ్చి లెంపలు వేసుకుంది. "పెద్దమ్మా, తప్పయింది. గది సన్మానమంట, సావు గాదంట."

"తెలిసింది బిడ్డా. సన్మానం జేసి సంపిన్రు."

ఆ ధైర్యం పైకే. లోకంలో ఉన్న ఒక్క మనిషినీ తన నోటితోనే పాడె ఎక్కించి వచ్చిందామె. అతడు సోఫాలోకి మళ్లీ జారగిలబడితే ఆమె పాడింది నిజమవుతుంది, తమ్ముడు నిజంగానే లేనట్టవుతుంది. లేస్తే, జీవితంలో మొదటిసారి ఆమె శోకంలో అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆమె అబద్ధాన్నే కోరుకుంది. ఆ రోజుల్లో గొర్రెలను అదిలించడానికి తప్ప నోరు విప్పలేదని మంజులత తర్వాత చెప్పింది.

కొత్తకోటలో గుర్వయ్యకు నిద్ర పట్టడం మానేసింది. ముందు అక్కను తిట్టాడు. తర్వాత ఫొటో పెట్టిన కొడుకును తిట్టాడు. ఆ తర్వాత మిషను కిందికి గొంగడి తోసిన భార్యను తిట్టాడు. "శాంతంగున్న మనిషిని ఆగం జేసి పాయె" అని మల్లీశ్వరి ఏడ్చింది. తిట్టడానికి ఎవరూ మిగలనప్పుడు ఆయన చెప్పులేసుకొని బస్టాండుకు నడిచాడు. అక్కతో తేల్చుకోవాలి. ఆ అవమానాన్ని ఆమె చేతనే వెనక్కి తీసుకునేలా చెయ్యాలి.

కొల్లాపూర్ దగ్గర దిగితే ఇంటికి తాళం ఉంది. అక్క ఏటి ఒడ్డున ఉందన్నారు. నీళ్లు వెనక్కి తగ్గిన చోట్ల పచ్చిక మొలిచే కాలమది. గుర్వయ్య రాళ్లల్లో, ముళ్లల్లో పడి నడిచాడు. మధ్యలో చెప్పు తెగితే రెండూ విసిరేశాడు. అక్కను చూసేసరికి అరికాళ్లు బొబ్బలెక్కి పగిలి ఉన్నాయి.

"శోకం వాపస్ తీసుకో" అన్నాడు దూరం నుంచే.

జానమ్మ కట్టె మీద గడ్డం ఆనించి నిలబడి ఉంది. "శోకం వాపస్ రాదురా. ఎత్తితె ఎత్తినట్టే."

"గట్లయితె ఊరందరికి జెప్పు, తప్పు పాడిననని!"

"నేనెందుకు జెప్త? నేను జూసిందే పాడిన."

"మరి నేనేం జెయ్యాలె?" ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు అతని గొంతులో కోపమే ఉంది. కాని ఏం చెయ్యాలని అడగక ఎన్నేళ్లయిందో అతనికీ తెలియదు.

"బతుకు. బతికి నన్ను అబద్ధాలదాన్ని జెయ్యి."

అంతలో మందలో ఒక గొర్రె తప్పిపోయి నీళ్ల వైపు దిగుతుంటే, గుర్వయ్య ఆలోచించకుండా నాలుక మడిచి కూత పెట్టాడు. గొర్రె ఆగి, తల తిప్పి, వెనక్కి వచ్చింది. అక్కాతమ్ముళ్లిద్దరూ దాని వైపే చూస్తూ నిలబడ్డారు. అక్క నవ్వలేదు. తమ్ముణ్ణి కూర్చోబెట్టి, అరికాళ్లలోని ముళ్లు ఒక్కొక్కటే తీసింది. "మెత్తవడ్డయిరా, థూ" అంది.

దినం నాడు వస్తానన్న మాటను జానమ్మ తప్పలేదు. ఆమె బస్సులో రాలేదు. కొల్లాపూర్ నుంచి కొత్తకోటకు తమ్ముడితో కలిసి గొర్రెలను తోలుకుంటూ నడిచి వచ్చింది. తన మందలోంచి కొన్ని నల్ల గొర్రెలను విడదీసి అతనికి ఇచ్చింది. వాచ్‌మన్ గేటు మూశాడు. లోపలి నుంచి లింగస్వామి వచ్చి, తండ్రి కాళ్లకు చుట్టిన గుడ్డపీలికలను, చుట్టూ ఆగిన కార్లను, మూతులు బిగించిన కాలనీ పెద్దలను మార్చి మార్చి చూశాడు. "బాపూ, గివ్విటిని లోపలికి రానియ్యరు."

"లోపలికి ఎవడొస్తుండు? గా ప్లాట్లల్ల మేపుత" అన్నాడు గుర్వయ్య. అమ్ముడుపోని ప్లాట్లలో హద్దురాళ్ల నడుమ మోకాళ్లెత్తు గడ్డి పెరిగి ఉంది. అది ఆయన భూమే, ఒకప్పుడు.

మల్లీశ్వరి మెట్ల మీది నుంచి అంతా చూసింది. ఒక్క మాట మాట్లాడకుండా లోపలికి వెళ్లింది. లోపల ఏదో బరువైనది ఈడ్చిన చప్పుడైంది. ఆమె గొంగడి పట్టుకొని బయటికి వచ్చి, గేటు సందులోంచి మొగుడి భుజం మీదికి విసిరింది. "సచ్చినోనివైతె నీకిదెందుకు? బతికినోనివైతె కప్పుకో. మల్ల మిషను కింద వెయ్యాల్నంటె నాకు జెప్పకు."

ఈ కథను మంచిగా ముగిసిందని చెప్పి చేతులు దులుపుకోవడం సులువు. ఆ సౌఖ్యాన్ని పాఠకుడికి ఇవ్వడం ఇష్టం లేదు. గుర్వయ్యకు భూమి తిరిగి రాలేదు. ఆ ప్లాట్లలో ఇళ్లు లేచిన నాడు మేత కోసం ఆయన దూరం నడవాలి. లింగస్వామి ఇప్పటికీ తండ్రి మందతో ఎదురైతే బండిని పక్క సందులోకి తిప్పుతాడు. కాలనీ సంఘం గొర్రెల మీద ఫిర్యాదు చేసింది. అన్నిటికంటే సిగ్గుపడవలసిన సంగతి, ఆ రోజు తీసిన వీడియో. బతికున్నవాడికి శోకం అని పేరు పెట్టి దాన్ని జిల్లా అంతా తిప్పారు. సోఫాల్లో కూర్చొని, పళ్లాలు ఒళ్లో పెట్టుకొని లెక్కలేనంతమంది చూశారు, పడీపడీ నవ్వారు. తమ అరికాళ్లు ఎలా ఉన్నాయో తడిమి చూసుకోవాలని వాళ్లలో ఒక్కరికీ తోచలేదు. ముసలామె పాడింది తమ పేరు పెట్టేనన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. మనల్ని మేల్కొల్పడానికి వచ్చినదాన్ని కూడా కాలక్షేపంగా మార్చుకోవడంలో మనంత నేర్పరులు ఏ కాలంలోనూ లేరు.

గొంగడి తీసేశాక ఆ ఇంట్లో బట్టల మిషను తిరిగినప్పుడల్లా ఎగిరెగిరి పడుతుంది. గిన్నెలు మోగుతాయి, కిటికీ అద్దాలు అదురుతాయి. కింద ఏదైనా పెట్టమని లింగస్వామి భార్య అడిగితే మల్లీశ్వరి ఒప్పుకోదు.

జానమ్మ ఇంకా గొర్రెల వెంటే ఉంది. ఇప్పటికీ ఎవరూ ఆమెను శోకానికి పిలవరు. ఎవరైనా పాత సంగతులెత్తితే, తన నోట ఎన్నడూ అబద్ధం రాలేదని ఆమె ఇదివరకులా చెప్పుకోదు. "ఒక్కటుంది" అంటుంది. "కొత్తకోటల పాడిన. తమ్ముడు మంద తోలుకపోతున్నడంట, ఎవలనన్న అడుగున్రి."